తోలుబొమ్మలాటలో ఇద్దరు భర్తలు

రాజమహేంద్రవరం, కార్తీక బహుళ తదియ, రాత్రి.

సాయంత్రం నా భార్యతో తోలుబొమ్మలాటకు వెళ్లాను. కథలో ఒక దయ్యం భర్త రూపంలో ఇంటికొస్తుంది. తెర మీద రెండు బొమ్మలకీ ఒకే ముఖం. అసలువాడెవడో తేల్చమని పెద్దలు ఇల్లాలిని అడిగారు. ఆమె ఒకణ్ణి పేరు పెట్టి పిలిచింది. రెండోవాణ్ణి ఊరంతా కలిసి తరిమేసింది. చివరికి చూస్తే, ఇంట్లో మిగిలింది దయ్యం.

"పాపం, పొరబడింది" అన్నాను దారిలో.

"పొరబాటేంటండీ? కట్టుకున్నవాణ్ణి ఏ ఆడదైనా పేరు పెట్టి పిలుస్తుందా? తెలిసే దయ్యాన్ని ఉంచుకుంది" అంది నా భార్య.

ఎందుకని అడిగే ధైర్యం రాలేదు. మొన్న ఆమె మీద చేయి చేసుకున్న సంగతి ఇద్దరికీ గుర్తుంది.

ఇందాక అన్నానికి పిలిచింది. కాపురానికొచ్చిన పదకొండేళ్లలో మొదటిసారి, పేరు పెట్టి.