ఆ పేజీ నువ్వే చదివేవాడివి

నాన్నా, వందనాలు. నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయి పద్నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళకి రాస్తున్నానంటే ఏదో వెధవ పని చేసే ఉంటానని నీకు అర్థమై ఉంటుంది.

చేశాను.

పామర్రు హైస్కూల్లో ఏటా తొమ్మిదో తరగతికి ఒక పాత నవల చదివించేవాడివి కదా... ఆ కాపీనే బందరులో మా స్కూలు లైబ్రరీకి ఇచ్చాను. నేనూ నీలాగే తెలుగు టీచర్నైపోయాను, నీలాగే చదివిద్దామనుకున్నాను. రోల్ నంబరు వరసలో ఒక్కొక్కరూ ఒక్కో పేరా.

నూతి దగ్గర మనవాళ్ళని కులం పేరుతో తిట్టే పేజీ వచ్చింది. ఆ మాట ఇక్కడ రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు. నువ్వు దాన్ని ఏ పిల్లాడి చేతా చదివించలేదు. "పుస్తకం ఇటివ్వండ్రా, ఈ పేజీ నాది" అని లేచి నిలబడి నువ్వే చదివేవాడివి. చదివాక, "మీ వయసులో నన్నూ ఈ మాటే అన్నారు. ఇప్పుడడగండి, ఏమడుగుతారో" అనేవాడివి. ఒక్కడూ నవ్వేవాడు కాదు. రెండో బెంచీలో కూర్చుని నేనూ విన్నాను. ఎలా మర్చిపోయాను నాన్నా?

మర్చిపోలేదులే... నీ దగ్గర అబద్ధమెందుకు? నేను చదివితే, నన్నూ ఈ మాటే అన్నారని నీలాగే చెప్పాలి. మనమెవరమో స్టాఫ్ రూములో ఎవరికీ తెలీదు. నేను చెప్పుకోలేదు.

ఆ పేరా ఒక అబ్బాయి వంతుకొచ్చింది. గట్టిగా చదివాడు. వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వారు. తలలన్నీ జెస్సీ వైపు తిరిగాయి. బంటుమిల్లి దగ్గర పల్లెటూరి పిల్ల, హాస్టల్లో ఉండి చదువుకునేది. నేనేం చేశానో తెలుసా? తర్వాతి నంబరు పిలిచాను.

ఆ రోజు నుంచి ఆ పిల్లకి ఆ మాటే పేరైంది. పది రోజులు ఓర్చుకుని ఇంటికి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ వచ్చి హెడ్మాస్టర్ గారి గదిలో ఏడ్చింది. ఆ పుస్తకం ఇంకే పిల్ల ముందూ తెరవొద్దంది. ఆవిడది తప్పని ఏ నోటితో అనను?

స్కూలు కమిటీ అరగంటలో తేల్చేసింది. నవల తీసెయ్యాలన్నారు, చేతులు దులుపుకున్నారు. నవ్వినవాళ్ళని ఎవరూ అడగలేదు. నన్నూ అడగలేదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని సంతకం పెట్టి వచ్చాను. నీ పుస్తకం ఇప్పుడు బీరువాలో, విరిగిన గ్లోబు పక్కన ఉంది. జెస్సీ బెంచీ మీద ఎవరో కంపాస్ ముల్లుతో ఆ మాటే చెక్కారు... అది అలాగే ఉంది. బెంచీని ఎవరూ తీసెయ్యమనలేదు.

నిన్న తెలిసింది, జెస్సీ రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్తోందట. పద్యం చెప్పిన మర్నాడే అప్పజెప్పేది నాన్నా ఆ పిల్ల!

నువ్వుంటే తిట్టేవాడివి కాదు. "అన్నం తిన్నావా" అని ఊరుకునేవాడివి. అదే తట్టుకోలేను.

రేపు ఆదివారం. చర్చి మానేసి బంటుమిల్లి బస్సెక్కుతున్నాను. తప్పు నాదని వాళ్ళమ్మకి చెప్తాను. ఏమన్నా పడతాను. జెస్సీ తిరిగి వస్తుందా... ఏమో.

సోమవారం ఆ బెంచీ ముందు నిలబడి చెక్కినదాన్ని నేనే చదువుతాను. నన్నూ ఇదే అన్నారని చెప్తాను. పుస్తకం లేకపోతేనేం?

గొంతు పెగలకపోతే మాత్రం... ఇంకెప్పుడూ నీకు ఉత్తరం రాయను.

నీ చిట్టి