గేటు దాకా వెళ్లొచ్చిన మనిషి

చిరంజీవి బుజ్జికి అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని రాయబోతే చెయ్యి ఆగింది. ఒంట్లో బాగానే ఉన్నాం, మనసుకే కుదురు లేదు. రెండు ముక్కలు రాయడం, లేచి వీధిలోకి చూసి రావడం, పొద్దుటినుంచీ ఇదే వరస.

నా గొంతు నొప్పి ఎలా ఉందని అడిగావు. తగ్గింది. ఇంకా సినిమాల్లో ఏడ్చే తల్లులకేనా డబ్బింగ్ అన్నావు. వాళ్లకేరా. పోయిన వారం మళ్లీ ఒకటి చెప్పాను. తండ్రి మీద అలిగి ఇల్లు వదిలిన కొడుకు చివర్లో తిరిగొస్తాడు. మధ్యన నలిగిపోయే తల్లికి నా గొంతు.

ఆ రోజు వాన. స్టూడియోకి గొడుగు తెచ్చిన మీ నాన్నను సౌండ్ ఇంజనీరు తన పక్కనే కూర్చోబెట్టాడు. "ఒక్కసారి నాన్నా అని పిలవరా" అన్నది నా డైలాగు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా నాన్నా అనే దగ్గరికొచ్చేసరికి ఏడ్చేస్తున్నాను. "ఏడుపు బాగుందమ్మా, మాటే వినపడట్లేదు" అన్నాడు ఇంజనీరు. ఎలాగో గట్టెక్కాను.

ఇంటికొచ్చే దారిలో మీ నాన్న ఉన్నట్టుండి అడిగారు.

"వాడు ఎక్కడుంటున్నాడు?"

"ఎవరు, సినిమాలో కుర్రాడా?"

"మనవాడు."

బుజ్జీ, నీ అడ్రసు ఆయనకు చెప్పనని నీకు మాటిచ్చాను. చెప్పేశాను. మన వడ్రంగి కొట్లో, బేరానికొచ్చిన వాళ్ల ముందే, నువ్వు చేసిన అల్మరా పనికిరాదని ఆయన నీ చేతే ఊడదీయించిన సంగతి నేనేమీ మరిచిపోలేదు. అయినా చెప్పాను.

మర్నాడే బస్సెక్కారు. మీ ఫ్యాక్టరీ గేటుకు ఎదురుగా, టీకొట్టు దగ్గర నిలబడ్డారట. నువ్వు తోటివాళ్లతో నవ్వుకుంటూ బయటికొచ్చావట. చూసి, అటునుంచి అటే తిరిగొచ్చేశారు. నాకు ఒళ్లు మండింది.

"అంత దూరం వెళ్లి పిలవకుండా వస్తారా ఎవరైనా?"

"పిలుద్దామనే వెళ్లానే. నన్ను చూస్తే వాడి నవ్వు ఆగిపోతుందేమోనని భయమేసింది."

సినిమాలో అయితే అక్కడ ఒక పాట వచ్చేది. ఇక్కడ మీ నాన్న కొట్టు పెందలాడే కట్టేసి ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నారు. పట్టిన పని ఏదీ ముగించడం లేదు. ఈ ఉదయం "పోస్టు వచ్చిందా?" అని అడిగారు. నువ్వు వెళ్లినప్పటినుంచీ ఆయన నోట ఆ మాట వినలేదు.

నా మీద కోప్పడతావా, కోప్పడు, పడతాను. ఆయన్ని క్షమించమని కూడా అనను. సినిమాల్లో పరాయి పిల్లలకు ఆ మాట చెప్పీ చెప్పీ నాకే మొహం మొత్తింది. జవాబు మాత్రం రాయి. కవరు మీద నా పేరు కాకుండా ఆయన పేరు రాయి.

ఇట్లు,
నీకిచ్చిన మాట తప్పిన
మీ అమ్మ