మాడ్ పసానా అంటే మాడబెట్టడం కాదు

దంతెవాడ,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకి, నీ చిన్న కూతురు రమణి దండాలు పెట్టి రాసేది.

ఇక్కడ నాన్నా నేనూ బాగున్నాం. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? అక్కకి కాళ్ళ వాపు తగ్గిందా? బావ వేళకి ఇంటికి వస్తున్నాడా? అన్నీ రాయి. మా గురించి బెంగ పెట్టుకోకు, నిజంగానే బాగున్నాం. రోజూ ఫోన్ చేస్తూ ఈ ఉత్తరం ఏమిటని అనుకుంటావేమో. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు నా పక్కన నాన్న ఉంటాడు, నీ పక్కన అక్క ఉంటుంది. ఇది వాళ్ళిద్దరూ వినకుండా చెప్పాల్సిన సంగతి. త్వరగా అందాలని రేపటి బండిలో అటు వచ్చేవాళ్ళ చేత పంపుతున్నాను.

ముందు అసలు విషయం. వచ్చే శుక్రవారం బండికి నువ్వు రావద్దు. టిక్కెట్టు రద్దు చేయించు. అన్నం వండటం నాకు వచ్చేసింది.

నమ్మవని తెలుసు, అందుకే మొదటినుంచీ రాస్తున్నాను.

ఇక్కడ చలి బాగా ఉంది. పొద్దున్నే కుళాయి నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. కాలేజీలో పాఠాలన్నీ హిందీలోనే. బడిలో నేర్చుకున్న నా హిందీ పుస్తకానికి సరిపోతుంది కానీ బజారుకి సరిపోవడం లేదు. రోజంతా హిందీ విన్నాక ఇంటికొచ్చి మన మాటలు ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. ఎసరు, అత్తెసరు, మెతుకు. నువ్వు రోజూ అనే మాటలే. అక్కడ ఉన్నన్నాళ్ళూ అవి ఇంత బాగుంటాయని తెలియలేదు.

మాటలు బాగానే ఉన్నాయి, అన్నమే బాగా లేదు. నువ్వు చెప్పినట్టే గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళు పోసి కుక్కర్‌లో పెట్టేదాన్ని. మన ఊళ్ళో ఆ కొలత ఎప్పుడూ తప్పలేదు. ఇక్కడ మూత తీస్తే ముద్ద. నీళ్ళు తగ్గిస్తే పైన ముద్ద, అడుగున రాయి. మొదటిరోజు నాన్న తప్పు పట్టలేదు. "పర్లేదమ్మా, కాస్త మెత్తగుంది. పళ్ళు లేనోళ్ళకి బాగుంటాది" అన్నాడు. తరవాత ఒకరోజు పనిలో క్యారేజీ బోర్లిస్తే అన్నం గిన్నె ఆకారంలోనే దిగిందట. అందరూ పుట్టినరోజు కేకు అని నవ్వారట. ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పాడు కానీ, మర్నాటి నుంచి క్యారేజీ సగం నిండుగానే తిరిగి వచ్చేది. మధ్యాహ్నం సమోసాలు తిని, సాయంత్రం కడుపులో మంటకి మాత్రలు వేసుకునేవాడు.

ఆ తరవాతే నీకు ఫోన్ చేశాడు. నేను నిద్రపోయాననుకున్నాడు. "నువ్వొచ్చీ. గుంట సదువుకుంటాదా, వండుతాదా" అన్నాడు. నువ్వు వస్తానన్నావు.

అమ్మా, అక్కకి తొమ్మిదో నెల. వాళ్ళత్తగారు లేరు. బావ పనికి వెళ్ళాక నొప్పులు వస్తే ఆ ఇంట్లో పక్కన ఎవరుంటారు? నాకు అన్నం వండటం రాక అక్క ఒంటరిదవుతుందని తెలిశాక, మర్నాడు తరగతిలో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

మా క్వార్టర్‌కి ఆనుకుని కమలక్క ఉంటుంది. ఆమెది తెలంగాణ వైపు ఉన్న ఆవపల్లి. ఆమె భర్త నాన్నతో పాటే పట్టాల మీద పని చేస్తాడు. ఒక్క వాక్యంలో మూడు భాషలు మాట్లాడుతుంది. మొదట ఏ భాష వస్తుందో ఆమెకే తెలియదు. అన్నం ఎందుకు ముద్దవుతోందని కుళాయి దగ్గర ఆమెని అడిగాను. బిందె ఎత్తుకుంటూ, "నయా చావల్ హై నా. మాడ్ పసానా. పసాయే బినా నహీ హోతా" అని వెళ్ళిపోయింది.

కొత్త బియ్యమన్నది అర్థమైంది. మిగతాది నాకు తోచినట్టు నేను విడగొట్టుకున్నాను. మాడ్ అంటే మాడటం, పసానా అంటే పస రావడం. కాస్త మాడితేనే బియ్యంలో పస దిగుతుందని చెప్పిందనుకున్నాను. రెండు భాషలూ అంత దగ్గరగా ఉన్నాయని సంతోషపడి పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆ సాయంత్రం కుక్కర్ బదులు గిన్నెలో వండి, గంజి అంతా ఇగిరిపోయి అడుగు చిటపటలాడేదాకా పొయ్యి కట్టెయ్యలేదు.

కమలక్క తలుపు తోసుకుని వచ్చింది.

"ఏంది పిల్లా, ఇల్లు కాలవెడుతున్నవా?"

"మీరే కదక్కా మాడ్ పసానా అన్నారు."

గిన్నెలోకి చూసింది, నన్ను చూసింది, గోడకి చేరగిలబడి నవ్వింది. "మాడ్ అంటే గంజి, పిల్లా. పసానా అంటే వంపుడు. గంజి వంపమంటే గిన్నె మాడగొట్టినవా?"

"వంపడమంటే వార్చడమా?"

"వార్చుడో గీర్చుడో, ఆ నీళ్ళు బయటికి పోవాలె. మీ అయ్య డబ్బాల ఇటుక తెచ్చుకుంటడని మా ఇంటాయన అంటే నేను నమ్మలే."

మర్నాడు పొద్దున్నే వచ్చి దగ్గర నిలబడి నేర్పింది. ఈ బియ్యం తాలూకు పంట కోసి నెల కూడా కాలేదట, అందుకే అంత జిగురు. కడిగిన నీళ్ళు తేటపడేదాకా నాలుగైదుసార్లు కడగాలి. అరగంట నానాలి. కుక్కర్ పక్కన పెట్టి పెద్ద గిన్నెలో ఎసరు పెట్టాలి, నీళ్ళకి కొలత లేదు, మెతుకులు ఈదేటన్ని ఉండాలి. మరిగాకే బియ్యం వెయ్యాలి. గరిటెతో అస్తమానం కలిపితే చెయ్యి మీద కొడుతుంది, నన్ను రెండుసార్లు కొట్టింది. మెతుకు తీసి నొక్కి చూస్తే మధ్యలో చిన్న పలుకు తగలాలి, అప్పుడే వార్చాలి.

పలుకు అంటే మాట ఒక్కటే అనుకునేదాన్ని. మెతుకులో మిగిలిన ఆ గట్టిదనం కూడా పలుకేనట. అది పూర్తిగా పోయేదాకా ఉడికించడమే నేను ఇన్నాళ్ళూ చేసిన తప్పు. వార్చాక గిన్నె మళ్ళీ సన్నటి సెగ మీద పెట్టి మూతవేస్తే ఆ కాస్తా ఆవిరికే ఉడుకుతుంది. నువ్వు ఉమ్మగిల్లనివ్వు అంటావే, అదే.

నా అంతట నేను వార్చిన మొదటిరోజు సగం అన్నం గంజితో పాటు గచ్చు మీద పడింది. వేలు కాస్త కాలింది, వెంటనే చన్నీళ్ళలో పెట్టాను, కంగారు పడకు. రెండోరోజు మూతకి గుడ్డ చుట్టి పట్టుకున్నాను. గంజి తెల్లగా, చక్కగా బయటికి వచ్చింది. మూత తీసి చూస్తే ఏ మెతుకుకి ఆ మెతుకు. చాలాసేపు అలా చూస్తూ నిలబడ్డాను. గంజిలో ఉప్పు వేసుకుని కమలక్కా నేనూ చెరొక గ్లాసు తాగాం.

ఇది గురువారం సంగతి. ఆ రోజు క్యారేజీ ఖాళీగా వచ్చింది. నేను నమ్మలేదు, కుక్కకి పెట్టాడేమో అనుకున్నాను. శుక్రవారం కూడా ఖాళీయే. నిన్న సాయంత్రం భోంచేస్తూ రెండోసారి వడ్డించుకున్నాడు. పప్పు కలుపుతూ తల ఎత్తకుండానే, "రేపట్నించి ఇంకో గుప్పెడెక్కువెయ్యి" అన్నాడు. ఇంకో ముద్ద తిని, "మీయమ్మకి సెప్పు, పురుడయ్యేదాకా అక్కడే ఉండమను. మనకేటి లోటు" అన్నాడు. మాత్రలు వేసుకుని మూడు రోజులైంది.

నేను కోరుకున్నది అదే. కానీ నాన్న ఆ మాట అన్నాక నేను కంచాలు తీసుకెళ్ళి కుళాయి కింద పెట్టి, కడగకుండా నిలబడ్డాను. నువ్వు రాకూడదనే ఇన్నాళ్ళూ తంటాలు పడ్డాను కదా. అయినా శుక్రవారం స్టేషన్‌కి ఏ బట్టలు వేసుకుని రావాలో లోపల ఎప్పుడో అనుకుని పెట్టుకున్నానని అప్పుడే తెలిసింది. అందుకే ఇది ఫోన్‌లో చెప్పలేదు. నా గొంతు వింటే నువ్వు బయలుదేరిపోతావు.

కమలక్క నీకు నమస్తే చెప్పమంది. ఎవరైనా ఇటు వస్తుంటే గుమ్మడి వడియాలు పంపు, నాన్న అడిగాడు. బావకి నా నమస్కారాలు. అక్కని బరువులు ఎత్తనివ్వకు. మా ఇద్దరినీ మనసులో దీవించు.

నొప్పులు మొదలవగానే ఫోన్ చెయ్యి. ఆ వేళకి నువ్వు అక్క పక్కనే ఉంటావు కదా, నాకదే చాలు.

నీ పాదాలకు మొక్కుతూ,
రమణి