ప్లగ్గు లేని గ్లౌజులు

హనుమకొండ,
11 డిసెంబరు 1985, బుధవారం.

ఆజం అన్నకు, చెల్లె తాహెరా సలాం.

ఇక్కడ అమ్మీ, అబ్బ, నేను అందరం బాగున్నాం. నువ్వు కూడా బాగున్నావని తలుస్తున్నట్టు రాయమని అమ్మీ చెప్పింది. నేను రాయను. నువ్వు బాగా లేవని నాకు తెలుసు. నీ ఉత్తరంలో మంచు గురించి, దేవదారు చెట్ల గురించి, క్యాంపులో వండే రాజ్మా గురించి రెండు పేజీలు రాశావు. చేతుల గురించి మాత్రం ఒక్క వాక్యం రాశావు, అదీ నవ్వులాటగా. "అగ్గిపుల్ల అంటించినా నా వేళ్లకు చురుక్కుమనడం లేదు, నేను పహిల్వాన్ అయిపోయాను" అని. అది చదివి అబ్బ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

పరకాల మొగిలయ్య అన్న సెలవు మీద వచ్చి మన ఇంటికి వచ్చాడు. నిన్ను ఆ కొండల్లో రోడ్డు పనికి తీసుకుపోయినవాడు కాబట్టి అమ్మీకి అతనంటే సగం ప్రేమ, సగం కోపం. చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"మావోడు మంచిగ తింటాండా మొగిలీ?"

"తింటాండమ్మా. చెంచతోని తింటాండు."

"చెంచనా? గాడికి పోయి దొర అయిండా మావోడు!"

అమ్మీ పకపకా నవ్వింది. మొగిలన్న నవ్వలేదు, కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. సాగనంపే వంకతో గల్లీ చివరిదాకా అతని వెంట నడిచాను.

"అన్నా, ఏందో దాస్తానవ్. చెప్పు."

"నేను చెప్పిన్నని రాయకు చెల్లె. పొద్దుగాల వాని అంగీ గుండీలు నేనే పెడ్తాన. కుడిచెయ్యి వేళ్లు మొద్దుబారినయ్. బ్రేకు పట్టిండో లేదో వానికే తెలుస్తలేదు. మొన్న మలుపుకాడ బులెట్ బండి జారి బండకు తాకింది. ఆ బండ లేకపోతే అవుతల లోయనే."

రాయకు అన్నాడు. రాశాను. కోపం వస్తే నా మీద తెచ్చుకో, అతని మీద కాదు.

ఇక నువ్వు అడిగినవాటికి జవాబులు. క్యాంపు కింద బజారులో ఎవరో విదేశీ యాత్రికుడు అమ్ముకుపోయిన కరెంటు గ్లౌజులు ఉన్నాయని, వైరు బండి బ్యాటరీకి తగిలిస్తే చేతులు వెచ్చగా ఉంటాయని, కొనమంటావా అని అడిగావు. కొనకు. వాటి మీద పన్నెండు వోల్టులని ఉన్నట్టు నువ్వే రాశావు. క్యాంపు పనికి నువ్వు తోలే బులెట్ బ్యాటరీ ఆరు వోల్టులది. సగం వేడన్నా వస్తుందిలే అనుకుంటున్నావేమో, సగం కూడా రాదు, పావు వంతే వస్తుంది. అబ్బ మోటారు వైండింగు కొట్టులో అన్నేళ్లు స్టూలు అరగదీసి నేర్చుకున్నది ఇదేనా? నాకు ఎవరు నేర్పారు? కాలిపోయి వచ్చిన బావి మోటార్లను వంటింట్లో కూర్చుని విప్పుతూ, ఒక్కో చుట్టూ చూసి నేర్చుకున్నాను.

గ్లౌజులు ఎవరివైనా సరే, తీసుకునే ముందు చూసుకోవలసినవి రాస్తున్నాను. వదులుగా ఉంటే వేడి చేతికి అందదు. బిగుతుగా ఉంటే రక్తం ఆడదు, అప్పుడు ఎంత వేడి పెట్టినా దండగే. అరచేయి మడత పడే చోట తీగ ఉండకూడదు, క్లచ్చు నొక్కీ నొక్కీ అక్కడే తెగుతుంది. పైన తోలు ఉండాలి, ఉన్ని ఒక్కటే గాలిని ఆపలేదు. లోపల పలచటి నూలు తొడుగు వేసుకోవాలి. వైరును చొక్కా చేతిలోంచి తీసుకురావాలి గానీ హ్యాండిలుకు చుట్టకూడదు. బండి పడితే ప్లగ్గు దానంతట అది ఊడిపోవాలి, లేకపోతే నీతోపాటు బండి కూడా వస్తుంది. మధ్యలో ఫ్యూజు తప్పదు. ఇంజను ఆపితే ప్లగ్గు పీకెయ్. పెద్దలైటు వెలిగించినప్పుడు గ్లౌజులు వద్దు, నీ డైనమో రెండింటినీ మోయలేదు.

"కొనవద్దంటే నువ్వే చేసి పంపు, జర ఎక్కువ వేడి పెట్టు" అని కూడా రాశావు. చేశాను. చౌరస్తా దగ్గర చలికాలం స్వెటర్లు అమ్మేవాళ్ల దగ్గర ఉన్ని గ్లౌజులు తీసుకున్నాను. వెల్డింగు పనివాళ్లు వాడే తోలు గ్లౌజులు పైన తొడిగాను. రెంటి మధ్య హీటరు తీగ. మోటారు చుట్టలకు వాడే నూలు గొట్టంలో తీగను దూర్చి, వేలు వేలుకూ తిప్పి, గుడ్డ మీద కుట్టాను. తీగ పొడవు తగ్గిస్తే వేడి పెరుగుతుంది కదా, అందుకని మణికట్టు దగ్గర జరుపుకునే క్లిప్పు పెట్టాను. ఎంత గర్వపడ్డానో అడగకు.

అబ్బ వాటిని తిప్పి తిప్పి చూసి పక్కన పెట్టాడు.

"మోటరు కాలితే మల్ల చుడ్తం. చెయ్యి కాలితే ఏం చుడ్తవే?"

"నీకు నా పని మీద ఎన్నడు నమ్మకముండె అబ్బా?"

"నమ్మకం కాదు, ఫికర్."

నాకు మండిపోయింది. పక్కింటి ఉప్పలయ్య గారి స్కూటరు బ్యాటరీ, అదీ ఆరు వోల్టులదే, అడిగి తెచ్చి, గ్లౌజులు తగిలించి, తొడుక్కుని చూశాను. గోరువెచ్చగా ఉన్నాయి, అంతే. చూశావా అని అబ్బ ముందు చేతులు ఊపాను. ఒక్కటి మరిచిపోయాను అన్నా. నావి మోటార్లు చుట్టే చేతులు. ఉడుకుడుకు వార్నిషు లోంచి చుట్టలు తీసి తీసి వేళ్లు బెండులా తయారయ్యాయి. నాకు గోరువెచ్చన అంటే మామూలు మనిషికి చురుకు. మన ఇంట్లో వేడి కొలవడానికి ఇన్నేళ్లూ వాడింది ఈ వేళ్లనే.

మొదట రాసింది అబద్ధం. అందరం బాగాలేము. రాయవద్దని అమ్మీ ఖురాన్ మీద ఒట్టు పెట్టమంది. పెట్టకుండా తప్పించుకున్నాను, అందుకే రాయగలుగుతున్నాను.

పోయిన ఆదివారం సాయంత్రం, అసర్ నమాజు అయ్యాక అమ్మీ వచ్చి గ్లౌజులు అడిగింది. "ఇయ్యి నా కొడుకు చేతులకు పోయేటియి. నేను తొడుక్కోని దువా చేసి పంపుత." సరే అన్నాను. ఆ స్కూటరు బ్యాటరీకే ప్లగ్గు పెట్టి, చాప మీద కూర్చోబెట్టి, నేను రొట్టెల పిండి పిసుకుతున్నాను.

"తాహెరా, ఇయ్యి సల్లగనే ఉన్నయే. జర ఎక్కువ పెట్టు."

నీ మాటే అన్నా. నువ్వు రాసిన మాటే. నేను లేచి వచ్చి, పైనుంచి చెయ్యి వేసి చూసి, క్లిప్పు జరిపాను.

"ఇప్పుడు?"

"ఇంక జర."

ఇంకా జరిపాను. ఆమె కళ్లు మూసుకుని నీ పేరు, మొగిలన్న పేరు, ఆ రోడ్డు మీద పనిచేసే అందరి పేర్లూ తలుస్తూ పోయింది. నేను రొట్టెలు కాల్చుకుంటున్నాను. వాసన వచ్చింది. పెనం మీద రొట్టె మాడిందనుకుని తిప్పాను. రొట్టె బాగానే ఉంది.

పరుగెత్తి ప్లగ్గు పీకాను. గ్లౌజులు తీస్తే, వేళ్ల కొసల మీద చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. రెండు వేళ్ల మీద ఊడి లోపలి తొడుగుకు అంటుకుంది. నేను అరిచాను. అమ్మీ నా మొహం చూసి భయపడింది, తన చేతులు చూసుకుని కాదు.

"ఏమైందే? నొస్తలేదు బిడ్డా. అల్లా మీద ఆన, జర్రంత నొస్తలేదు."

ఆ మాటతోనే నీ అగ్గిపుల్ల గుర్తొచ్చింది.

రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాం. షుగరు వల్ల ఆమె వేళ్లలో స్పర్శ ఎప్పుడో పోయిందట. మనమెవరమూ కనుక్కోలేదు, ఆమె చెప్పలేదు. చాయ్ గ్లాసు పొయ్యి మీదినుంచి దించి వట్టి చేత్తో పట్టుకుంటే, అమ్మీ చేతులు గట్టివని మనం మురిసిపోయేవాళ్లం, గుర్తుందా? కట్టు కట్టిన డాక్టరమ్మను నీ వేళ్ల గురించి అడిగాను. అగ్గిపుల్ల సంగతి చెప్పగానే ఆమె నవ్వలేదు.

"చలికి చచ్చుబడ్డ వేళ్లకు వేడి తగిలిస్తే, మాంసం ఉడికేదాకా అతనికి తెలియదమ్మా. ముందు అక్కడ డాక్టరుకు చూపించమను. అప్పటిదాకా మంటకు కాచొద్దు, కరెంటు వద్దు. గోరువెచ్చని నీళ్లు, అవి కూడా వేరేవాళ్లు ముట్టి చూసినవి. ఆలస్యం చేస్తే వేళ్లు తీసేయాల్సి వస్తుంది."

విన్నావా? నీ చేతుల కోసం చేసిన గ్లౌజులు నీకే పనికిరావు. వేడి తెలిసేవాడే వేడి గ్లౌజులు తొడగాలి. నువ్వు మాకు నవ్వులాట రాసి పంపావు, అమ్మీ నవ్వుతూ దాచుకుంది. మీ ఇద్దరి మధ్య నేను క్లిప్పు జరిపాను. నా మీద నాకున్న కోపం నీ మీద సగం పడుతోంది. పడనీ. నువ్వు మోయగలవు.

ఆ జత విప్పి పారేశాను. రాత్రుళ్లు ఏడ్చానని అనుకోకు, పొద్దుటే కూర్చుని మళ్లీ కుట్టాను. ఈసారి వేళ్లలో తీగ లేదు. చేతి వెనకవైపు, మణికట్టు మీద మాత్రమే పెట్టాను. అక్కడ నీకు స్పర్శ బాగానే ఉందని మొగిలన్న గట్టిగా చెప్పాడు. రక్తం అక్కడ వెచ్చబడి వేళ్లలోకి పోతుంది. క్లిప్పు లేదు, పెంచుకోవడానికి నీకు ఏమీ మిగల్చలేదు. అబ్బ వేలితో తాకి చూడబోతే ఆపి, చెంపకు ఆనించుకోమన్నాను. తర్వాత అమ్మీ చెంపకు ఆనించాను. "ఇగ చాలు, గిదే మంచిగున్నది" అంది. నువ్వు కూడా ప్రతిసారీ తొడిగే ముందు చెంపకే ఆనించి చూడు. నీ వేళ్లను నమ్మకు.

మొగిలన్న శుక్రవారం కాజీపేటలో రైలెక్కుతున్నాడు. గ్లౌజుల పొట్లం అతని దగ్గర ఉంటుంది, అక్కడికి చేరగానే నీకు ఇస్తాడు. ప్లగ్గు మాత్రం పొట్లంలో ఉండదు, వెతకకు; వేళ్లకు స్పర్శ వచ్చేదాకా అవి నీకు వట్టి గ్లౌజులే. అది అతని సంచిలో వేరుగా ఉంది. నీ బండి తాళం కూడా అతనే ఉంచుకుంటాడు, నీ ట్రిప్పులు అన్నీ అతనే తోలుతాడు. మేస్త్రికి తానే చెప్పుకుంటానన్నాడు. నువ్వు అతనితో కొట్లాడతావని కూడా చెప్పాను. "కొట్టనియ్ చెల్లె, చెయ్యి పిడికిలి పడ్తె నాకంటె సంబురపడేటోడు లేడు" అన్నాడు.

పొట్లంలో కొత్త అంగీ ఒకటి పెట్టాను. డాక్టరుకు చూపించుకుని, మందులు వాడి, ఎన్ని నెలలు పడితే అన్ని నెలలకు, మొగిలన్న ఎదురుగా ఆ అంగీ గుండీలు నీ అంతట నువ్వు పెట్టుకో. ఆ రోజు అతను నీకు ప్లగ్గు, బండి తాళం ఇస్తాడు. గుండీలు చిన్నవే కుట్టాను. పెద్దవి కుడితే నువ్వు మోసం చేస్తావని నాకు తెలుసు.

అమ్మీకి కట్లు ఇంకా విప్పలేదు. జపం చేసే తస్బీ దండ పట్టుకోలేకపోతోంది. ఆమె నీ కోసం చదువుతుంటే, పక్కన కూర్చుని పూసలు నేను జరుపుతున్నాను.

ఇట్లు,
కోపం తీరని నీ చెల్లె,
తాహెరా