పేర్లు తీసేశామన్నారు

ఫిబ్రవరి 4

ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీద అరవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

మధ్యాహ్నం మిల్లులో దూది బేళ్ళ బిల్లులు కొడుతుంటే దివ్య ఫోన్. పక్కింటి పిల్ల, గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. "అక్కా, ఒక మాట చెప్తా, తిట్టవుగా" అంది. క్లాసులో వాళ్ళ సారు తెర మీద ఒక కుటుంబం బొమ్మ వేశాడట. మగవాళ్ళకి చదరాలు, ఆడవాళ్ళకి గుండ్రాలు. జబ్బున్నవాళ్ళవీ, బయటపడకపోయినా రక్తంలో తేలినవాళ్ళవీ నల్లగా నింపారట. పేర్లు లేవు, ఊరు లేదు.

"అన్నదమ్ములిద్దరూ సొంత అక్క కూతుళ్ళిద్దర్నీ చేసుకున్నారక్కా. ఆ అక్క కొడుక్కి మళ్ళీ చిన్న తమ్ముడి కూతుర్నిచ్చారు. మీరు కాక ఇంకెవరుంటారు?"

ఎవరూ లేరు. పెళ్ళి భోజనాల్లో పంక్తి లేచేలోపు ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చేస్తారు మా వైపు ఆడవాళ్ళు. వరస తెలిస్తే చాలు, వాళ్ళకి పేర్లెందుకు?

చిన్న తమ్ముడి కూతురిది, అంటే నాది, ఎలా ఉంది అని అడిగాను.

"నల్లదే అక్కా."

ఫిబ్రవరి 5

కాళ్ళు బాగానే ఉన్నాయి.

నాన్నకి నలభై దాటాక మొదలైంది. ముందు చెప్పులు నిలిచేవి కావు. తర్వాత మెట్లు. ఇప్పుడు మంచం. నాకు ముప్పై ఎనిమిది... పొద్దున మిల్లు మెట్లెక్కుతూ నా పాదాలనే చూసుకున్నాను. ఇదివరకు ఎప్పుడైనా చూశానా?

తెలుసుకోకూడదనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. వచ్చిననాడు చూసుకుందాం, ఈలోపు బతుకుదాం. అది నా ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎవడో పాఠం చేసి క్లాసు మొత్తానికి చెప్పాడు. ఆఖరున నాకు తెలిసింది.

ఫిబ్రవరి 6

మామకి చెప్పాను. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మొగుణ్ణి మామ అని తప్ప ఇంకోలా పిలవడం చేతకాలేదు. అమ్మ తమ్ముడే కదా.

అన్నం కలుపుతున్నవాడు ఆపేశాడు. "మరి అమ్ములు?"

మా కూతురు అమ్ములుది ఏ రంగో దివ్యని నేను అడగలేదు. నోరు రాలేదు.

ఫిబ్రవరి 8

నిరుడు ఇదే రోజుల్లో గుంటూరు ఆస్పత్రి వాళ్ళు వచ్చారు. మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. నాన్న జబ్బేమిటో తేలుస్తామన్నారు. ఘాటుకి తుమ్ముకుంటూనే అందరి చేతుల్లోంచీ రక్తం లాగారు. ఎనిమిదో తరగతి పిల్ల, అమ్ములునీ కూర్చోబెట్టారు. కాగితాలన్నీ పెదనాన్న ముందు పెట్టారు. అందరి తరఫునా ఆయనే సంతకాలు చేశాడు.

మా ఇంట్లో అంతే. కాయలు ఎప్పుడు మిర్చి యార్డుకి తోలాలన్నా, ఏ పిల్లని ఎవరికివ్వాలన్నా పెదనాన్న మాటే. అది మా తీరు, సరే. చదువుకున్నవాళ్ళకేమైంది? "పెద్దాయన చేస్తే చాలండి" అంది తెల్లకోటు అమ్మాయి. నా మొహం వంకైనా చూడలేదు. మా అలవాటు వాళ్ళకి ఎంత చక్కగా కలిసొచ్చింది.

నేనూ నోరు మూసుకుని చెయ్యి చాపానులే.

ఫిబ్రవరి 10

సెలవు పెట్టి గుంటూరు వెళ్ళాను. ఆ రక్తాలు తీయించిన డాక్టరు మంచివాడిలాగే ఉన్నాడు. కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు. అందుకే ఇంకా కోపమొచ్చింది.

"పేర్లు తీసేశామండి. మీ వివరాలు ఎవరికీ తెలిసే అవకాశమే లేదు."

"ఆ బొమ్మ మా బస్టాండులో పెట్టండి. చూసినవాళ్ళు మా గుమ్మం దాకా దారి చెప్తారు."

నవ్వాడు. నేను హాస్యమాడాననుకున్నాడు. మీలాంటి కుటుంబం దొరకడం అదృష్టమండి అన్నాడు. అదృష్టమట. ఒకరు తిప్పితే గాని పక్కకి ఒత్తిగిల్లలేని మా నాన్న... అదృష్టం.

మాకెందుకు చెప్పలేదని అడిగాను. ఫలితాలు మాకు చెప్పబోమని కాగితంలో రాసే ఉందట, పెద్దాయన ఒప్పుకున్నాడట. క్లాసుకి చెప్పొచ్చు, నాకు చెప్పకూడదు.

మందు?

"ఇప్పట్లో లేదండి."

మా రక్తం ఎక్కడుంది? రక్తం ఇక్కడే ఉందట. అందులోంచి తీసిన వివరాలు మాత్రం బయటి కంపెనీలకి కూడా వెళ్ళాయి. పోయినవి వెనక్కి రావు. ఇకమీదట వాడకుండా ఆపించుకోవచ్చు. నాది అక్కడికక్కడే ఆపించి సంతకం పెట్టాను. అమ్ములుది అడిగితే, "సంరక్షకుల సంతకం కావాలండి. మా దగ్గర పెద్దాయన పేరుంది."

"నేను కన్నతల్లిని."

"మీరు ఆయన చేత పెట్టించుకొస్తే అయిపోతుందండీ, ఇబ్బందేం లేదు."

తల కొట్టేసినట్టయింది. ఆ పిల్లని కని పెంచడానికి సరిపోయినదాన్ని, దాని నెత్తురు గురించి అడగడానికి చాలకపోయాను.

ఫిబ్రవరి 11

జడ గట్టిగా లాగి వేశానని అమ్ములు ఏడ్చింది. వాళ్ళ మీద కోపం పిల్ల మీద చూపిస్తున్నాను.

ఫిబ్రవరి 12

దివ్య వాళ్ళమ్మకి చెప్పింది. వాళ్ళమ్మ ఎవరెవరికి చెప్పిందో ఆమెకే తెలియాలి. మిల్లులో మేనేజరు పిలిచి, "రోజూ మెట్లెందుకమ్మా, కింద గేటు దగ్గర కూర్చుని లోడు స్లిప్పులు రాసుకో" అన్నాడు. పాపం, ఎంత దయో. నా కాళ్ళకేమైందండీ అన్నాను. నేల చూపులు చూశాడు.

రెండు మెట్లకోసారి ఎక్కి పైకెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. ఆయాసం వచ్చింది. ఆయాసం ఎవరికైనా వస్తుంది.

ఫిబ్రవరి 13

మబ్బు పట్టింది. పెదనాన్న కల్లంలో కాయల మీద పట్టాలు కప్పిస్తున్నాడు. అమ్ములు రక్తం ఇక వాడొద్దని రాసిన కాగితం అక్కడే చూపించాను.

"ఏందమ్మాయ్, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమంటావా?"

"నా మాట నువ్వెట్లా ఇచ్చావు పెదనాన్నా?"

పుట్టి బుద్ధెరిగాక ఆయనకి ఎదురు చెప్పడం ఇదే. కూలీలు తలలు తిప్పారు. తిప్పనీ.

"తమ్ముడు అట్టా మంచాన పడితే చేతులు కట్టుకుని చూస్తా కూర్చోమంటావా? మందు వచ్చిద్దన్నారు. అందరి నెత్తురూ కావాలన్నారు. ఇచ్చా. తప్పా?"

"మందు లేదంట పెదనాన్నా. డాక్టరే చెప్పాడు. మన ఇంటి సంగతి పిల్లలకి పాఠం చెప్పుకుంటున్నారు."

పట్టా అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మోసపోయానని అనలేదు. నన్ను తిట్టలేదు. "నీకూ ఉందా?" అన్నాడు. ఉందన్నాను. గోతాల మీద కూలబడ్డాడు.

జాలేసింది. జాలిపడినందుకు నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆయనకి చెడుద్దేశం లేదు. డాక్టరుకీ లేదట. దివ్యకీ లేదు, మేనేజరుకీ లేదు. అందరూ మంచివాళ్ళే, నా బతుకు మాత్రం బజార్న పడింది.

ఫిబ్రవరి 14

పెదనాన్న సంతకం పెట్టాడు. "అమ్ములుది ఏమని తేలిందో అడిగావా?"

అడగలేదు. అడగను.

ఫిబ్రవరి 16

రేపు గుంటూరు వెళ్ళి కాగితం ఇచ్చేస్తానని మామతో అంటుంటే అమ్ములు విన్నది. ఎప్పుడొచ్చి గుమ్మంలో నిలబడిందో చూసుకోలేదు. యూనిఫారం వేసుకుని, ఒక కాలికే సాక్స్ తొడుక్కుని.

"నా గురించేనా?"

మామ నా వంక చూశాడు. చెప్పక తప్పలేదు. చెప్పాను, సగం సగం. నీ రక్తం తీసుకున్నారు, దాన్ని వాడొద్దని చెప్పి వస్తున్నాను, ఇక నీ జోలికి ఎవరూ రారు.

"అందులో నాకు జబ్బుందో లేదో వాళ్ళకి తెలుసా?"

"తెలిసే ఉంటుంది."

"ఇది ఇచ్చేస్తే ఇంక మనకి చెప్పరా?"

ఇప్పుడే చెప్పడం లేదు, తర్వాతేం చెప్తారు అన్నాను. చిన్నపిల్లవి, నీకివన్నీ ఎందుకు అన్నాను. వద్దులే అమ్మా, తెలియకపోతేనే హాయి అన్నాను. ఏది పడితే అది అన్నాను.

అది ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"పెద్దతాతయ్య ఇచ్చేటప్పుడు నన్నడగలా. నువ్వు వద్దనేటప్పుడన్నా అడగొచ్చుగా" అంది.

ఆటో హారన్ కొట్టాడు. సాయంత్రం మాట్లాడుకుందాం అన్నాను. రెండో సాక్స్ చేత్తో పట్టుకునే వెళ్ళిపోయింది.

కాగితం హ్యాండ్‌బ్యాగులో ఉంది. నాలుగున్నరకి వచ్చేస్తుంది... ఏమని మొదలుపెట్టాలి.