పాత కొలతల అంగీ

1964 జూలై 6
బాపుతో కరీంనగర్ దవాఖానకు పోయి వచ్చాను. బస్సులో దారంతా నిలబడే ఉన్నాడు. సీటు ఇవ్వబోయినాయనతో, "మగ్గం గుంటల కూసుండి కూసుండి యాష్టకొచ్చింది, జర నిలవడనియ్యుండ్రి" అని నవ్వు. నడుంనొప్పి మగ్గానిదేనని ఏడాదిగా నూనె రాస్తున్నాం. మూత్రం ఆగి ఆగి వస్తోందని మాత్రం బాపు ఎవరికీ చెప్పలేదు.

బీఎస్సీ అన్నానో లేదో, డాక్టరు నాతో అంతా ఇంగ్లీషులోనే. మూత్రాశయం కింద ప్రోస్టేటు అనే గ్రంథి. అందులో క్యాన్సరు. ఎక్స్‌రేలో నడుం ఎముకలదాకా పాకింది.
"ఏమంటుండు బిడ్డా?"
"గడ్డ ఉన్నదట బాపూ."
"నడుముల్నా?"
"ఆఁ... గాడనే."

జూలై 8
పాఠంలా రాసుకుంటే తేలిక. మగవాళ్ల ఒంట్లో ఊరే హార్మోనే ఆ గడ్డకు తిండి. తిండి ఆగితే కుంచించుకుపోతుంది, నొప్పి తగ్గుతుంది. నయం కాదు — కొన్నాళ్ల నిమ్మళం. ఆపే దారులు రెండు. రోజూ ఆడ హార్మోను మాత్రలు. లేదంటే ఆ హార్మోను పుట్టే బీజాలనే ఆపరేషన్ చేసి తీసేయడం. ముందు మాత్రలు చూద్దామన్నాడు డాక్టరు. బతికిపోయాను. రెండోది బాపుకు చెప్పే పని లేదు.

జూలై 29
బాపు మళ్లీ గుంటలో దిగాడు. పొద్దంతా పడుగులో అటూ ఇటూ ఉరికే నాడె చప్పుడు. "నా పెనిమిటికి పానం లేసొచ్చింది" అని అవ్వ అందరికీ చెబుతోంది. ఆదిలాబాద్ ఆడపిల్లల బడి నుంచి కబురు — సైన్సు టీచరుగా రమ్మని. ఇంకా ఎవరికీ చెప్పలేదు. నాలో నేనే ఆ ఊరి వీధుల్లో తిరుగుతున్నా.

ఆగస్టు 14
బాపు ఒంటి మీది కండువా తీయడం లేదు. ఏ కాలమైనా ఉత్త ఒంటితో నేసే మనిషి. "సలి పెడుతుంది" అంటాడు. చెమటలు కారుతున్నాయి.

ఆగస్టు 20
దర్జీ ఖాజా మామను పిలిపించాడు, అంగీ కుట్టమని. మామ టేపు తీయగానే బాపు వెనక్కి జరిగాడు.
"పాత కొలతలున్నయి గద."
"అరే, అవి నీ బిడ్డ పుట్టకముందువి భాయ్!"
"గవే ఎయ్యి. నేనేమన్న పెరుగుతున్ననా?"

ఆగస్టు 24
అంగీ వచ్చింది. ఛాతీ దగ్గర గుండీలు పడవు. "ఖాజా సగం బట్ట మింగిండు" అంటాడు బాపు. అవ్వ నవ్వబోయి ఆగిపోయింది. నేను చూసి తల దించుకున్నాను. రొమ్ములు వాచాయి. మాత్రలతో అలా అవుతుందని డాక్టరు అననే అన్నాడు. కూతురు ఏ నోటితో చెప్పాలి?

ఆగస్టు 25
అవ్వకు చెప్పాను.
"గిదేం మందే... మొగోన్ని ఆడిదాన్ని జేసుడు!"
కాసేపాగి — "నాకైన ముందుగాల చెప్పకపోతివి. గాయన ఒళ్లు నాకెర్క లేదా?"

సెప్టెంబరు 9
మళ్లీ నొప్పి. గుంటలోంచి లేవలేక మగ్గం పట్టుకుని వేలాడుతున్నాడు. మాత్రల సీసా చూస్తే సగం కూడా తగ్గలేదు. ఎప్పుడో మానేశాడు. అవ్వ నిలదీస్తే ఒకటే మాట — "సస్తె మొగోని లెక్కనే సస్త."

సెప్టెంబరు 11
ఒక్కదాన్నే కరీంనగర్ పోయాను. అయితే ఆపరేషనే, అన్నాడు డాక్టరు. రోజూ మాత్రల బాధ ఉండదు, వాపు ఇంత ఉండదు. ఆలస్యమైతే వెన్నులో నరాలు నొక్కుకుని కాళ్లు పడిపోవచ్చు. కాళ్లు... మగ్గం తొక్కే కాళ్లు. సోమవారం తీసుకురమ్మన్నాడు, ఆయన ఒప్పుకుంటేనే. తిరుగు బస్సులో ఆ మాటలన్నీ తెలుగులో అనుకుని చూశాను. ఒక్కటీ పెదవి దాటదు.

సెప్టెంబరు 13
మా ఇంట్లో మొహం చూసి అనలేనివన్నీ నాడెలో పెట్టే నూలు కండెలు చుడుతూనే అంటాం. రాట్నం దగ్గర కూర్చుంటే మగ్గానికి వీపు. హనుమకొండ పోయి చదువుతానని అడిగింది కూడా అలాగే. ఇవాళ అవ్వ తన రాట్నం నాకిచ్చి బయటికి నడిచింది.

నాడె చప్పుడులో చెప్పాను. ఏం తీస్తారో, ఎందుకో, కాళ్ల సంగతీ. తెలుగులోనే. చెబుతున్నంతసేపూ మగ్గం ఆగలేదు. అయిపోయాక ఆగింది.
"గా డాక్టరైతె తీపిచ్చుకుంటడా? అడిగినవా?"
"అడగలే బాపూ."
నాడె నాలుగుసార్లు ఆడి మళ్లీ ఆగింది.
"నువ్వైతే ఏమంటవ్?"
రాట్నం తిప్పుతూ ఉండిపోయాను.
"కండె అయిపోయింది. ఇంకోటియ్యి."
తిరగకుండానే చేయి వెనక్కి చాపాను. అందుకున్నాడు. వేళ్లు చల్లగా తగిలాయి.

సెప్టెంబరు 14, సోమవారం
బస్సు టైమవుతోంది. గుంటలో బాపు లేడు. అవ్వ పక్కకుట్లు విప్పి పీలికలు అతికి వదులు చేసిన అంగీ — దండెం మీద లేదు. "నాకు చెప్పి పోలే" అంటోంది అవ్వ, గడప దగ్గరే నిలబడి.

నాడె పడుగులోనే ఉంది, కండె సగంలో. కండె అయ్యేదాకా లేవని మనిషి.

దవాఖానకే బయల్దేరాడో, ఆపరేషన్ తప్పించుకుని ఎటైనా పోయాడో. చెప్పులేసుకుంటున్నా. ముందు బస్టాండు చూస్తాను...