బాపు వణుకు, మన నెత్తురు

చిరంజీవి రాజ్‌కుమార్‌కు,

బెల్లంపల్లి నుంచి అక్క దీవెనలు. ఇక్కడ బాపు, మీ బావ, నేను ఎవరి పనుల్లో వాళ్లం మంచిగానే ఉన్నాం. ఆ మస్కట్ ఎండల్లో నువ్వు కూడా వేళకు తింటూ చల్లగా ఉన్నావనుకుంటాను.

నీ ఉత్తరం అంది నెల దాటింది. బాపు మందులు టైముకు వేసుకుంటున్నాడు. అంగీ గుండీలు పెట్టుకోవడానికి మాత్రం పావుగంట పడుతుంది. నేను సాయం చేయబోతే, "ముప్పై ఏండ్లు బాయిల బొగ్గు తవ్విన, గుండీ పెట్టుకోరాదా నాకు?" అని కసురుకుంటాడు.

ఇక అసలు సంగతి. బాపుకు వచ్చిన పార్కిన్సన్స్ రేపు నాకూ వస్తుంది, ఒక ఆడపిల్ల బతుకు ఆగం చేయలేను, వనజతో కుదిరిన పెండ్లి వద్దు అని రాశావు. ఆ మాట బాపు చెవిన పడింది. పోయిన నెల కరీంనగర్‌లో నరాల డాక్టరు దగ్గర ఆయనే అడిగాడు.

"సారూ, గీ బీమారి నా పిల్లలకు నేనే ఇచ్చిన్నా?"

డాక్టరు బాపు చెయ్యి పట్టుకున్నాడు. "కొన్ని కుటుంబాలల్ల ఒక్క జన్యువు మార్పుతోని నేరుగ దిగుతది. అది అరుదు. మిగతావి మందిలో మామూలుగ ఉండే చిన్న చిన్న తేడాలు, నా నెత్తురుల కూడా ఉండొచ్చు. ఒక్కొక్కటి ప్రమాదాన్ని జరంత పెంచుతది, అంతే. అవి ఉన్నోళ్లల్ల చానా మందికి బతికినన్నాళ్లు రానే రాదు."

"మరి మా రాజుకు?"

"రాదని రాసియ్యలేను. వస్తదని అసలే చెప్పలేను."

తమ్ముడూ, ఇంతవరకు రాసి రెండు రోజులు పక్కన పెట్టాను. నా అక్షరాలు చీమల్లా ఎందుకయ్యాయని అడిగావు కదా. కళ్లజోడు మారిందని ఫోన్లో అబద్ధం చెప్పాను. కరీంనగర్‌కు ఆ రోజు చూపించుకోవడానికి వెళ్లింది నేను. బాపు నాకు తోడు వచ్చాడు. నాకూ అదే జబ్బు, అక్షరాలు చిన్నవైంది దానివల్లే. మొదట్లోనే తెలిసింది, మందులు పని చేస్తున్నాయి. ఇద్దరికి వచ్చిందని నెత్తురు పరీక్షకు పంపారు. ఆ అరుదైన మార్పు ఏదీ కనబడలేదు. అయినా నీకు అందరికన్నా కొంచెం ఎక్కువ ప్రమాదం ఉందనే డాక్టరు అన్నాడు. ఇది దాచి నిన్ను పెండ్లికి ఒప్పిస్తే మోసం చేసినట్టే.

ఇంకో తప్పు కూడా చేశాను. నీకన్నా ముందు వనజకు చెప్పాను. ఆదివారం జమ్మికుంట నుంచి ఒక్కతే వచ్చింది. అంతా విన్నది. అందరిలా నా చేతి వంక చూడలేదు, ముఖంలోకి చూసింది.

"భయమైతే అయితుంది వదినా, కాదనను. కానీ నన్ను ఒక్క మాట అడగకుండనే నా భయం గూడ ఆయనే పడ్డడు. నేను నచ్చకుంటే నచ్చలేదని చెప్పుమను. బీమారి పేరు చెప్పొద్దను."

ఆ మాటకు జవాబు నేనిచ్చేది కాదు. నువ్వే రాయి. నాకు కాదు, ఆ పిల్లకు.

ఇట్లు,
నిన్ను చంకనేసుకుని తిప్పిన అక్క,
సరోజన